నవంబర్‌లో ఫస్ట్ టైమ్ యూరప్, అత్తయ్యతో కలిసి: ప్లాన్ చూసి చెప్పండి ప్లీజ్

మేఘమాల:

అందరికీ నమస్తే అండి. నవంబర్ 8న దిగి 21న తిరుగు ఫ్లైట్ ఎక్కేలా నేను, మా ఆయన, మా అత్తయ్య ముగ్గురం మొదటిసారి యూరప్ వెళ్దాం అనుకుంటున్నాం. సమ్మర్‌లో మా ఇద్దరికీ ఒకేసారి లీవ్ దొరకదు, నవంబర్‌లో అయితే హోటళ్లు కూడా తక్కువకే కనిపిస్తున్నాయి. అత్తయ్యకి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు, మెల్లగా ఎంత దూరమైనా నడుస్తారు కానీ మెట్లంటే కష్టం. ఐఫిల్ టవర్, మంచు కొండలు, వాటికన్, ఈ మూడూ చూడాలని ఆవిడకి ఎప్పటినుంచో ఉంది.

ప్లాన్ ఇదీ: పారిస్ 3 రాత్రులు, ఆమ్‌స్టర్‌డామ్ 2, స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ 2, వెనిస్ 1, ఫ్లోరెన్స్ 1, రోమ్ 2, చివర్లో క్రిస్మస్ మార్కెట్ల కోసం ప్రాగ్ 2. ముందు దిగేది పారిస్‌లో కాబట్టి వీసా ఫ్రాన్స్‌కి పెడదాం అనుకుంటున్నాం. చలి ఎలా ఉంటుంది, బట్టలు ఏం కొనాలి, అసలు ఆ టైమ్‌లో వెళ్లడం కరెక్టేనా, మొహమాటం లేకుండా చెప్పండి.

పటంపిచ్చి:

మేఘమాల గారూ, వెళ్లడం కరెక్టే, ఈ ప్లానే కరెక్ట్ కాదు. అందరూ చలి గురించే అడుగుతారు కానీ నవంబర్‌లో అసలు సమస్య వెలుతురు. అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, దాంతో సాయంత్రం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. నవంబర్ మధ్యలో పారిస్‌లో తెల్లారేసరికి 8, పొద్దు కుంకేది 5 దాటిన కాసేపటికే. ప్రాగ్‌లో అయితే 4:15కే సూర్యాస్తమయం. రోమ్‌లో 4:50 లోపే. అంటే మీ చేతిలో ఉన్నది రోజుకి తొమ్మిది, మహా అయితే పది గంటల వెలుతురు.

ఇప్పుడు మీ ప్లాన్ చూడండి, ఏడు ఊళ్లు, మధ్యలో ఆరు మార్పులు. ఊరు మారిన ప్రతిసారీ రూమ్ ఖాళీ చేయడం, స్టేషన్‌కి పోవడం, రైలు, మళ్లీ కొత్త హోటల్ వెతుక్కోవడం, పెట్టెలు పెట్టి బయటికొచ్చేసరికి చీకటి. వేసవిలో అయితే రాత్రి 9 దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి నడిచిపోతుంది, నవంబర్‌లో ఆ రోజు మొత్తం పోయినట్టే. వెనిస్ ఒక్క రాత్రి, ఫ్లోరెన్స్ ఒక్క రాత్రి అంటే ఆ రెండూ మీరు వీధి దీపాల వెలుగులోనే చూస్తారు. మూడు ఊళ్లు, గట్టిగా అనుకుంటే నాలుగు. అంతకంటే వద్దు.

చిన్ని_ఆకాశం:

పటంపిచ్చి అన్న చెప్పిన లెక్క నిజమే గానీ చీకటిని అంతలా భయపెట్టకండి. పారిస్ నవంబర్ సాయంత్రం చాలా బావుంటుంది, 5:30కే లైట్లన్నీ వెలిగిపోతాయి, ఐఫిల్ టవర్ చీకటి పడ్డాక ప్రతి గంటకీ ఐదు నిమిషాలు మిలమిలా మెరుస్తుంది, వేసవిలో అది చూడాలంటే రాత్రి పది, పదకొండు దాకా మేలుకోవాలి, పెద్దావిడకి నవంబర్‌లో 6 గంటలకే చూపించి భోజనానికి వెళ్లిపోవచ్చు కదా.

చీకటి పడ్డాక మ్యూజియంలు పెట్టుకోండి. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా, ఓర్సే గురువారం రాత్రి 9:45 దాకా ఉంటాయి. పగలు బయట, సాయంత్రం లోపల. నవంబర్ ట్రిప్ ఇలాగే అల్లుకోవాలి. కానీ లూవ్ర్ మంగళవారం మూత, ఓర్సే సోమవారం మూత, వెర్సాయ్ రాజభవనం కూడా సోమవారం మూత, ఇది చూసుకోకుండా టికెట్లు కొనకండి.

రైలుబాబు:

రూట్ గురించి ఒక మాట. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఇంటర్‌లాకెన్ రైల్లో దాదాపు 9 గంటలు అండి, పొద్దున ఎక్కితే రాత్రి దిగుతారు. ఇంటర్‌లాకెన్ నుంచి వెనిస్ మళ్లీ 6 గంటల పైనే. రోమ్ నుంచి ప్రాగ్‌కి ఫ్లైట్ తప్ప తేలికైన దారి లేదు. అంటే పారిస్ నుంచి పైకి ఎక్కి, కిందికి దిగి, మళ్లీ పైకి.

ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్ తీసేస్తే మిగతాది ఒకే గీత మీదికి వస్తుంది. పారిస్‌లో దిగి రోమ్ నుంచి ఎక్కేలా మల్టీ సిటీ టికెట్ తీసుకోండి, పారిస్‌కి వెనక్కి రావాల్సిన పని లేదు, రేటు కూడా చాలాసార్లు మామూలు రిటర్న్‌కి దగ్గరలోనే ఉంటుంది. పైగా ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తే రోజులు గడిచేకొద్దీ చలి పెరిగే టైమ్‌లో మీరు వెచ్చటి వైపు దిగుతుంటారు.

ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్లు, ఇటలీ హైస్పీడ్ రైళ్లు రెండూ విమానం టికెట్లలాగే, ముందు కొన్నవాళ్లకి తక్కువ, చివర్లో కొన్నవాళ్లకి రెట్టింపు పైన. రైల్ పాస్ మీ ముగ్గురికీ గిట్టుబాటు కాదు, వాటిలో సీటు రిజర్వేషన్‌కి మళ్లీ విడిగా డబ్బు కట్టాలి.

కాగితం_కలం:

> ముందు దిగేది పారిస్‌లో కాబట్టి వీసా ఫ్రాన్స్‌కి

ఇక్కడ ఆగండి. షెంగెన్ వీసా, అంటే మీరు వెళ్లే ఈ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే ఒకే వీసా, ముందు దిగే దేశానికి కాదు, ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టాలి. మీ ప్లాన్‌లో ఫ్రాన్స్ 3 రాత్రులు, ఇటలీ మాత్రం వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్ కలిపి 4 రాత్రులు. కాబట్టి ఇటలీకే అప్లై చేయాలి. రోజులు సమానంగా ఉన్నప్పుడే మొదట దిగే దేశం చూస్తారు. ఇది చాలామంది తప్పు పెట్టి రిజెక్ట్ అవుతారు, అందుకే ఊళ్లు ఫైనల్ చేసేదాకా ఫారం ముట్టుకోకండి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చెయ్యాలి, కానీ చివరిదాకా ఉంచొద్దు, నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వచ్చినా 45 రోజుల దాకా లాగే అధికారం వాళ్లకి ఉంది. పైగా అపాయింట్‌మెంట్ దొరకడమే ఒక పని. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, సర్వీస్ సెంటర్ వాళ్లది అదనం. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, అత్తగారికి పాత జబ్బులు ఏమైనా ఉంటే అవి కవర్ అయ్యే పాలసీ తీసుకోండి, కేవలం వీసా కోసం అతి చవకది కొనడం వద్దు. పాస్‌పోర్ట్ తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి.

ఇంకోటి, 2025 అక్టోబర్ నుంచి బోర్డర్‌లో కొత్త పద్ధతి మొదలైంది, స్టాంప్ బదులు వేలిముద్రలు, ఫోటో తీసుకుని కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి కొంచెం టైమ్ పడుతుంది. అందుకని దిగిన రోజు మధ్యాహ్నానికే రైలు టికెట్, మ్యూజియం టికెట్ లాంటివి పెట్టుకోకండి.

మేఘమాల:

అమ్మో, ఇన్ని విషయాలా. వీసా సంగతి అస్సలు తెలీదు, చాలా థాంక్స్ కాగితం కలం గారూ. మా ఆయన కూడా ఏడు ఊళ్లు ఎక్కువే అంటున్నారు. ఆమ్‌స్టర్‌డామ్ తీసేయడానికి బాధ లేదు, టులిప్స్ ఎలాగూ ఉండవట కదా. కానీ క్రిస్మస్ మార్కెట్లు, మంచు కొండలు వదలాలంటే మనసు ఒప్పుకోవట్లేదు. ఇంటర్‌లాకెన్ నవంబర్‌లో ఎలా ఉంటుంది? అక్కడి యుంగ్‌ఫ్రావ్ కొండ మీదికి వెళ్లే రైలు నడుస్తూనే ఉంటుందా?

ఆల్ప్స్_పక్కింటి:

నేను స్విట్జర్లాండ్‌లోనే ఉంటాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను అక్కా. ఇక్కడ నవంబర్ అంటే రెండు సీజన్ల మధ్య ఖాళీ. హైకింగ్ అయిపోయింది, స్కీయింగ్ ఇంకా మొదలవలేదు. ఈ గ్యాప్‌లోనే చాలా గొండోలాలు (కొండ మీదికి తీగల మీద వెళ్లే క్యాబిన్లు), కొండ రైళ్లు మెయింటెనెన్స్‌కి వారం నుంచి కొన్ని వారాల దాకా ఆపేస్తారు. టిట్లిస్ కొండ మీదికి వెళ్లేది కూడా మామూలుగా నవంబర్ మొదట్లోనే కొన్ని రోజులు ఆగుతుంది. కొండ ఊళ్లలో హోటళ్లు, రెస్టారెంట్లు కూడా చాలావరకు మూసి ఉంటాయి. యుంగ్‌ఫ్రావ్ మాత్రం ఏడాది పొడుగునా నడుస్తుంది.

అయితే అది 3,454 మీటర్ల ఎత్తు, అత్తయ్య గారికి బీపీ, గుండె, ఊపిరితిత్తుల సమస్య ఏమైనా ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. ఖర్చు కూడా బాగా ఎక్కువ, స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నా గ్రిండెల్‌వాల్డ్ దాటాక పైకి డిస్కౌంట్ మాత్రమే ఇస్తారు, ఫ్రీ కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి పొగమంచు. నవంబర్‌లో కింద లోయలు, సరస్సులు రోజుల తరబడి బూడిద రంగు మబ్బు కింద ఉండిపోతాయి, కింద నిలబడితే పక్క కొండ కూడా కనపడదు. కానీ అదే మబ్బు దాటి పైకి వెళ్తే నీలం ఆకాశం, మంచి ఎండ, కింద అంతా తెల్లటి మబ్బు సముద్రం. చూసినవాళ్లు మర్చిపోరు. అందుకే ఇక్కడ అందరూ పొద్దున లేవగానే కొండ మీద వెబ్‌క్యామ్ చూసి అప్పుడు టికెట్ కొంటారు. మీరూ అలాగే చేయండి, ముందే తేదీతో కొనేయకండి.

నా సలహా లుసర్న్ ఊళ్లో ఉండి రిగి కొండకి వెళ్లండి. 1,798 మీటర్లే, పళ్ల చక్రాల రైలు శిఖరం దగ్గరిదాకా తీసుకెళ్తుంది, 1871లో మొదలైన లైను అది, యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు, స్విస్ ట్రావెల్ పాస్‌లో పూర్తిగా కలిసి ఉంటుంది, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఇంతకంటే తేలికైన కొండ లేదు. అక్కడి నుంచి మంచు శిఖరాల వరస మొత్తం కనిపిస్తుంది. కాలి కింద మంచు ఉంటుందా లేదా అన్నది ఆ వారం వాతావరణం, మాటివ్వలేను.

పటంపిచ్చి:

లుసర్న్ బావుంది. అయినా నా ఓటు స్విట్జర్లాండ్ పూర్తిగా వదిలేయమనే. రెండు రాత్రులకి అంత ఖర్చు పెట్టి, రెండు రోజులూ పొగమంచే ఉంటే?

ఆల్ప్స్_పక్కింటి:

అన్నా, ఆవిడ ఎప్పటినుంచో చూడాలనుకుంటున్న మూడింట్లో అది ఒకటి. పారిస్ నుంచి ఇటలీ వెళ్లే దారిలోనే ఉంది, విడిగా వెళ్లక్కర్లేదు. పైగా మబ్బు కింద ఉన్నప్పుడు పైన ఎండ ఉండే అవకాశమే ఎక్కువ. నేను వదలొద్దనే అంటాను.

వెచ్చటివైపు:

అందరూ పారిస్, స్విస్ అంటున్నారు, ఎవ్వరూ స్పెయిన్ పేరెత్తలేదు. నవంబర్‌లో సెవియాలో పగలు 20 డిగ్రీలు, సూర్యాస్తమయం సాయంత్రం 6 దాటాక, పారిస్ కంటే గంట ఎక్కువ. గ్రనడాలో అల్‌హంబ్రా కోట ఉంది, వెనకాల సియెర్రా నెవాడా కొండల మీద మంచు కూడా పడుతుంది. మాడ్రిడ్ నుంచి సెవియాకి రైల్లో రెండున్నర గంటలు. అల్‌హంబ్రాకి టికెట్ పాస్‌పోర్ట్ పేరు మీద ముందే కొనాలి, దాని లోపలి నస్రిద్ ప్యాలెస్‌కి ఇచ్చిన టైమ్ దాటితే లోపలికి రానివ్వరు. మొదటిసారి వెళ్లేవాళ్లు కూడా నవంబర్‌లో దక్షిణానికే వెళ్లాలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే గ్రీస్ దీవులు, అమాల్ఫీ తీరం మాత్రం వద్దు, అక్కడ నవంబర్ వచ్చేసరికి పడవలు తగ్గిపోయి హోటళ్లు చాలావరకు మూసేస్తారు.

మేఘమాల:

వెచ్చటివైపు గారూ, వినడానికి చాలా బావుంది కానీ అత్తయ్యకి వాటికన్ లేకపోతే ట్రిప్పే కాదు. స్పెయిన్ తర్వాతి సారికి రాసిపెట్టుకున్నాను. ఎవరైనా క్రిస్మస్ మార్కెట్లు, బట్టల గురించి కూడా చెప్పండి.

లాంతరు:

మార్కెట్లు నేను చెప్తాను. 21వ తేదీ లోపల ప్రాగ్‌లో పాత ఊరి చౌక్‌లో మార్కెట్ ఉండదు, అక్కడ నవంబర్ చివర్లో గానీ మొదలవదు. స్ట్రాస్‌బర్గ్, న్యూరెంబర్గ్ కూడా అంతే, నెలాఖరు. జర్మనీలో చాలా ఊళ్లలో చనిపోయినవాళ్లని తలుచుకునే ఆదివారం ఒకటి ఉంటుంది నవంబర్ చివర్లో, అది అయ్యాకే తెరుస్తారు. నవంబర్ మధ్యలోనే మొదలయ్యేవి వియన్నాలో టౌన్‌హాల్ ముందు మార్కెట్, బుడాపెస్ట్ కూడా, కానీ అవి మీ దారిలో లేవు. కాబట్టి రెండే దారులు, లేదా ట్రిప్ మొత్తం రెండు వారాలు వెనక్కి జరిపి నవంబర్ 22 తర్వాత పెట్టుకోండి, లేదా మార్కెట్ల ఆశ వదిలేసి ఈ తేదీల్లో వెళ్లండి. వెనక్కి జరిపితే హోటల్ రేట్లు పెరుగుతాయి, పగలు ఇంకా తగ్గుతుంది. మార్కెట్లలో ఇసకేస్తే రాలని జనం, నిలబడే తినాలి, పెద్దావిడకి కష్టమే అనిపిస్తోంది నాకు.

మూడుపొరలు:

బట్టలు. ఒక్క లావుపాటి కోటు కొనేసి లోపల కాటన్ చొక్కా వేసుకుంటే సరిపోదు, ఎందుకంటే బయట 6 డిగ్రీలు ఉంటే మెట్రోలో, షాపుల్లో హీటర్ పెట్టి 22 ఉంటుంది, రోజుకి పదిసార్లు విప్పడం, వేసుకోవడం. పల్చటి థర్మల్ ఒకటి, దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్, పైన గాలీ వానా రెండూ ఆపే జాకెట్. పారిస్‌లో నవంబర్ పగలు 10-11 డిగ్రీలు, రాత్రి 5-6. రోమ్‌లో పగలు 16-17 ఉంటుంది కానీ రోమ్‌లో బాగా వానలు పడే నెలల్లో నవంబర్ ఒకటి, ఇది చాలామందికి తెలీదు, ఇటలీ కదా ఎండే అనుకుని వెళ్తారు.

అన్నిటికంటే ముఖ్యం బూట్లు. నీళ్లు లోపలికి రానివి, అడుగు జారనివి, కనీసం నెల ముందు కొని ఇంట్లోనే వాడి అలవాటు చేసుకోవాలి. తడిసిన రాళ్ల వీధుల్లో, ముఖ్యంగా రోమ్‌లో, మామూలు స్పోర్ట్స్ షూ జారుతాయి. చేతికి గ్లౌజులు, చెవులు మూసే టోపీ, అంతే, ఇంకేం వద్దు. మీరు వెళ్లే రూట్‌లో మైనస్ చూసేది ఎక్కువగా కొండ మీదే.

నీటిమీదనడక:

వెనిస్ పెట్టుకుంటే ఒక సంగతి. అక్టోబర్ నుంచి జనవరి దాకా సముద్రం పోటెత్తి ఊళ్లోకి నీళ్లు వచ్చే కాలం. 2019 నవంబర్ 12న 187 సెంటీమీటర్లు వచ్చింది, 1966 తర్వాత అదే పెద్దది. 2020 నుంచి మోసే అనే గేట్లు పెట్టారు, 110 సెంటీమీటర్లు వస్తుందని అంచనా ఉంటే వాటిని లేపుతారు, కాబట్టి భయపడాల్సింది లేదు. కానీ సాన్ మార్కో చౌక్ ఊళ్లోకెల్లా పల్లం కాబట్టి అంతకంటే తక్కువ పోటుకి కూడా అక్కడ నీళ్లు నిలుస్తాయి, చెక్క బల్లలు వేసి నడిపిస్తారు.

నీళ్లకంటే మీకు కష్టం వంతెనలు. నాలుగు వందల పైన ఉన్నాయి, దాదాపు అన్నిటికీ మెట్లే. ఉండాలంటే నీటి బస్సు స్టాప్ పక్కనే హోటల్ చూసుకోండి, దాని టికెట్ 75 నిమిషాలకి 9.50 యూరోలు. లేదంటే ఫ్లోరెన్స్ నుంచి రైల్లో రెండు గంటల పైన, వానలేని రోజు చూసుకుని పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయొచ్చు, పెట్టెలు మోయక్కర్లేదు. నేనైతే అదే చేస్తాను.

మేఘమాల:

రాత్రి ముగ్గురం కూర్చుని మళ్లీ రాశాం. పారిస్ 4 రాత్రులు, లుసర్న్ 2, ఫ్లోరెన్స్ 3, రోమ్ 4, రోమ్ నుంచే ఇంటికి. తేదీలు అవే, మార్కెట్లు లేవు. వెనిస్ ఫ్లోరెన్స్ నుంచి ఒక రోజు, వాతావరణం బావుంటేనే. వీసా ఇటలీకి. ఇది సరిపోతుందా?

రైలుబాబు:

ఇప్పుడు కుదిరింది. పారిస్ నుంచి బాసెల్ 3 గంటలు, బాసెల్ నుంచి లుసర్న్ గంట. లుసర్న్ నుంచి మిలాన్ మూడు గంటల పైన, దార్లో గొట్హార్డ్ సొరంగం, 57 కిలోమీటర్లు, 2016లో తెరిచారు, ప్రపంచంలోనే పొడవైన రైలు సొరంగం. మిలాన్‌లో మారితే ఫ్లోరెన్స్ రెండు గంటల లోపే. మిలాన్‌లో మారడానికి కనీసం గంట ఉంచుకోండి, సరిహద్దు దాటే రైళ్లు ఆలస్యం అవుతుంటాయి, మాకు ఒకసారి ఇలాగే తర్వాతి రైలు తప్పిపోయి కొత్త టికెట్లు కొనాల్సొచ్చింది. పొద్దున త్వరగా బయల్దేరండి, ఆ కొండల దారి వెలుతుర్లో చూడాలి.

ఊతకర్ర:

మా అమ్మని ఇలాగే తీసుకెళ్లాను కాబట్టి మోకాళ్ల సంగతి చెప్తాను మేఘమాలా. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లలో లిఫ్టులు లేవు, లైన్ మారాలంటే మెట్లు ఎక్కి దిగి ప్రాణం పోతుంది. 14వ నంబర్ లైన్ ఒక్కటే అన్ని స్టేషన్లలో లిఫ్ట్ ఉన్నది. మీరు బస్సులు వాడండి, ఎక్కడం తేలిక, కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. లూవ్ర్‌లో వీల్‌చైర్ ఉచితంగా ఇస్తారు, మొహమాట పడకుండా తీసుకోండి, అది కొన్ని కిలోమీటర్ల నడక. మా అమ్మ ముందు వద్దంది, కూర్చున్నాక మూడు గంటలు హాయిగా చూసింది.

హోటల్ బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా అని మెసేజ్ పెట్టి అడగండి, పాత బిల్డింగుల్లో లిఫ్ట్ రెండో అంతస్తు నుంచి మొదలయ్యేవి కూడా ఉంటాయి, గేటు దగ్గర్నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లో విడిగా అడగాలి. ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చైర్ సాయం టికెట్ కొన్నప్పుడే రాయించండి. రోజుకి ఒక్కటే పెద్ద చోటు. మధ్యాహ్నం ఒక గంట కాఫీ షాపులో కూర్చోబెట్టండి, ఆ గంట మీకు వృథా అనిపిస్తుంది గానీ సాయంత్రం నడిచే ఓపిక దాంతోనే వస్తుంది.

మేఘమాల:

ఊతకర్ర గారూ, మీ మెసేజ్ అత్తయ్యకి చదివి వినిపించాను, వీల్‌చైర్‌కి ఒప్పుకున్నారు! చివరిగా ఒక్క డౌట్, రోమ్‌లో నాలుగు రోజుల్లో వాటికన్ ఏ రోజు పెట్టుకోవాలి?

చిన్ని_ఆకాశం:

వాటికన్ మ్యూజియం ఆదివారం మూత, నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితం, ఆ రోజు క్యూ మీరు తట్టుకోలేరు, మీ తేదీల్లో అది ఎలాగూ రాదు. బుధవారం పొద్దున పోప్ గారు జనానికి దర్శనం ఇస్తారు, ఆయన ఊళ్లో ఉంటే, అప్పుడు చౌక్ అంతా కుర్చీలు వేసేస్తారు, చర్చి లోపలికి ఆలస్యంగా పంపిస్తారు. అత్తయ్య గారికి పోప్‌ని చూడాలని ఉంటే బుధవారం ఉచిత పాస్ అడిగి దానికోసమే వెళ్లండి, మ్యూజియం మంగళవారమో గురువారమో పెట్టండి. సెయింట్ పీటర్స్ చర్చికి టికెట్ లేదు, సెక్యూరిటీ క్యూ మాత్రమే, పొద్దున 8 లోపు వెళ్తే తేలిక. డోమ్ మీదికి మాత్రం లిఫ్ట్ ఉన్నా ఆ పైన మూడు వందలకి పైగా ఇరుకు మెట్లు, అత్తయ్య గారిని కిందే కూర్చోబెట్టండి.

కొలోసియం చలికాలం 4:30కే మూసేస్తారు, టికెట్లు 30 రోజుల ముందు రిలీజ్ అవుతాయి, పేరు మీద ఇస్తారు, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. కొలోసియం చూసే రోజుకి సరిగ్గా ముప్పై రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

కాగితం_కలం:

ఇటలీ వీసా అపాయింట్‌మెంట్ ఇప్పుడే చూడండి, హోటళ్లు ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవి మాత్రమే బుక్ చేయండి. వెనక్కి డబ్బు రాని రైలు టికెట్లు వీసా చేతికొచ్చాకే.